పాట పక్కన నాలుగు మాటలు

చేతిలోని ఫోనులో కోట్ల పాటలున్నవి. ఏ పాట ఎవరిదో, ఎందుకు వినదగినదో చెప్పు మాట మాత్రము లేదు. సంగీతపు యాప్‌లలో ఆల్బమ్ సమీక్షకు చోటు కావలెననుటకు గల కారణములను విచారించు కథనమిది.

కడప జిల్లా ఎర్రగుంట్ల జంక్షనులో రాత్రి బండికై కాచుకొనియున్న ప్రయాణికుడు గాని, చిలంకూరు సిమెంటు ఫ్యాక్టరీలో రెండవ షిఫ్టు ముగించుకొని ఇల్లు చేరుచున్న కార్మికుడు గాని, నాపరాళ్ల గనుల యొద్ద లారీ నిండువరకు వేపచెట్టు నీడను కూర్చుండు డ్రైవరు గాని, ఇయర్‌ఫోన్లు తగిలించుకొని ఫోనులో పాట వెదకుచున్నప్పుడు, వేలకొలది రికార్డులను విదేశములనుండి తెప్పించుకొని కూడబెట్టిన మైసూరు ప్రభువు జయచామరాజ ఒడయరునకు సైతము లభింపని సంపద వాని అరచేతిలో నున్నదనుట అతిశయోక్తి కాదు. పదికోట్లకు పైగా పాటలు తమ భాండారమున గలవని స్పాటిఫై వంటి సంస్థలు చెప్పుకొనుచున్నవి. అందులో తెలుగు పాటలకును కొదువ లేదు. అయినను ఆ పాటను తాకగనే తెరపై కనబడునది యేమి? ఒక అట్టబొమ్మ, ఒక పేరు, నిమిషములు, సెకండ్లు, నచ్చినచో నొక్కుటకు ఒక హృదయపు గుర్తు. అంతే. ఆ పాట ఏ కాలమునాటిది, బాణీ కట్టినవారెవరు, వీణ వాయించినదెవరు, అదే గాయకుడు అంతకు ముందు పాడినదానికిని దీనికిని భేదమేమి, అసలు ఈ ఆల్బమును పనిగట్టుకొని ఏల వినవలెను అను ప్రశ్నలకు ఆ తెర మౌనము వహించును.

ఈ ఎర్రగుంట్ల మండలమందలి కలమళ్ళ గ్రామమున గుడి ఆవరణలో లభించిన, క్రీ.శ. 575 ప్రాంతమునాటిదని పండితులు నిర్ణయించిన, రేనాటి చోడుడగు ఎరికల్ ముత్తురాజు ధనంజయుని పేర వెలసిన శాసనము తెలుగున మనకు దొరకిన శాసనములలో మొదటిదని నేడు బడిపిల్లలు గూడ చెప్పగలరు. శాసన పరిశోధకులు ఆ లిపిని చదివి, మాటలు విడదీసి, శిథిలమైన పంక్తులెక్కడివో గుర్తించి వివరింపకున్నచో, అది గీతలు గల రాయిగానే మిగిలిపోయి యుండును. వివరణము రాతికి విలువ నీయలేదు. ఉన్న విలువను మనకు చూపినది. ఆల్బమ్ సమీక్ష నుండి నేను కోరునదియు నింతమాత్రమే. నక్షత్రములు లెక్కించి పదింటికి ఎన్ని మార్కులో తీర్పు చెప్పు సమీక్షను గూర్చి నాకు పెద్ద గౌరవము లేదు. శుక్రవారము విడుదలైన చిత్రమునకు శుక్రవారము మధ్యాహ్నమే అంకెలు కట్టు అలవాటు మనకు చాలినంత యున్నది.

సమీక్ష పుట్టినది వేరొక అవసరమున. 1923లో లండను నగరమున కాంప్టన్ మెకంజీ అను నవలాకారుడు ‘గ్రామఫోన్’ పత్రికను స్థాపించిన నాటికి రికార్డు ఖరీదైన వస్తువు. ఒక్కొక్క వైపున కొద్ది నిమిషములకు మించి పాట పట్టెడిది కాదు. తెలియక కొన్నచో ధనము వ్యర్థమగును గనుక, ఏది కొనదగినదో ముందుగా విని చెప్పువాడొకడు కావలసివచ్చెను. నేడు పాట వినుటకు వేరుగా ధర లేదు. నెలకింతయని చందా చెల్లించినవానికి, లేదా ప్రకటనలను సహించువానికి, భాండారమంతయు తెరచియే యున్నది. ఇక సమీక్షతో పనియేమని ఎవరైన అడుగవచ్చును. ధనము వ్యర్థమగు భయము పోయినది గాని, ఎదుట కోట్ల పాటలుండియు ఏది వినవలెనో తోచక, విన్నదానినే మరల వినుచు కాలము గడుపు దారిద్ర్యము దాని స్థానమున వచ్చినది. కొనుగోలుదారునకు సలహాగా నుండిన సమీక్ష ఇప్పుడు శ్రోతకు దారిచూపు పనిని వహింపవలసి యున్నది.

పాశ్చాత్య దేశముల సాఫ్ట్‌వేర్ నిర్మాతలు ఈ సంగతిని కొంత ముందుగనే గ్రహించిరి. 1991లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున మైకేల్ ఎర్లెవైన్ ప్రారంభించిన ‘ఆల్ మ్యూజిక్ గైడ్’, ఆల్బములకు పొట్టి సమీక్షలు, కళాకారులకు జీవిత సంగ్రహములు వ్రాయించి, క్రమముగా ఆ రాతలను ఇతరుల సాఫ్ట్‌వేర్లలో చూపుటకు అందించు సంస్థగా పరిణమించెను. 2015లో వెలువడిన రూన్ అను సాఫ్ట్‌వేరు, ఆల్బము తెరచినంతనే దాని సమీక్షను, అందులో పాల్గొన్న వాద్యకారుల పట్టికను ముందుంచి, ఏ పేరును తాకినను ఆ వ్యక్తి పనిచేసిన తక్కిన ఆల్బములకు దారి తీయును. అదే సంవత్సరము ఆరంభమైన ఆపిల్ మ్యూజిక్ కొన్ని ఆల్బములకు తన సంపాదకుల వ్యాఖ్యలను జతచేయుచున్నది. న్యూయార్కు జాజ్ వాద్యకారుని గూర్చి ఈ విధముగా ఎర్రగుంట్లలో కూర్చుండి ఎంతయైన తెలిసికొనవచ్చును. ఈమని శంకరశాస్త్రి వీణను గూర్చి తెలిసికొనవలెనన్నచో ప్రాయికముగా ఆ చోటు ఖాళీ.

ఆ ఖాళీని యాప్ తనకు తెలిసిన లెక్కతో నింపుచున్నది. మీవంటి అభిరుచి గల ఇతర శ్రోతలు ఏమేమి వినిరో కూడి, తీసివేసి, ‘ఇది మీకు నచ్చవచ్చును’ అని ముందుకు త్రోయును. ఈ గణితము పనికిమాలినదనను. రాత్రిపూట రైలుపెట్టెలో నిద్రపట్టువరకు అదియే చాలును. కాని ఎక్కువగా వినబడినదే మరింత వినిపింపబడుట దాని స్వభావము. ముప్పది సెకండ్లు దాటి వినినచో ఒక పర్యాయము విన్నట్లు స్పాటిఫై లెక్కించును. 2024 నుండి, ఏడాది కాలమున వేయి పర్యాయములైన వినబడని పాటకు రాయల్టీ చెల్లింపని నియమమును అమలుచేయుచున్నది. అరుదైన యక్షగాన కీర్తనకో, ఎన్నడో నాలుగువందల ప్రతులు మాత్రము అమ్ముడుపోయిన వీణ కచేరీకో ఈ లెక్కలో చోటు దొరకుట కష్టము. విన్నవారు లేరు గనుక యాప్ చూపదు, యాప్ చూపదు గనుక వినువారుండరు. ఈ చక్రమును తెగగొట్టగలది, ‘దీనిని వినుడు, ఇందుకొరకు వినుడు’ అని తెలిసినవాడు వ్రాసిన నాలుగు వాక్యములే.

మనకిది కొత్త కాదు

పాట పక్కన మాట యుండవలెననుట పాశ్చాత్యుల యొద్ద నేర్చిన విద్య యనుకొనరాదు. కడపలో కొలువుచేసిన బ్రౌను దొర తెలుగు కావ్యములను అచ్చువేయించునప్పుడు, వట్టి పద్యములు చాలవని గ్రహించి, జూలూరి అప్పయ్య వంటి పండితులచే వ్యాఖ్యలు వ్రాయించెను. సినిమాహాలు గేటు యొద్ద కొన్ని అణాలకు అమ్ముచుండిన పాటల పుస్తకమున కథాసంగ్రహము, నటీనటుల పేర్లు, రచయిత, సంగీత దర్శకుడు, తర్వాతనే పాటలు. లాంగ్‌ప్లే రికార్డు వెనుకవైపు అట్టపై చిన్న అక్షరములలో అచ్చైన పరిచయ వ్యాసమును, సూది ఆ చివరినుండి ఈ చివరకు చేరులోపల చదివి ముగించుట ఒక తరమువారికి అలవాటు. పరిచయపు అట్ట పోయి, అట్టబొమ్మ మాత్రము బొటనవ్రేలి గోరంత పరిమాణమున తెరకెక్కినది.

వీనికన్నిటికి మించినది రేడియో. 1963లో కడప ఆకాశవాణి కేంద్రము వెలసిన పిదప, ఈ ప్రాంతపు పల్లెలలో చదువను వ్రాయను రానివారు సైతము సముద్రాల మాట యెట్లుండునో, పింగళి మాట యెట్లుండునో, పెండ్యాల బాణీకిని సాలూరి బాణీకిని భేదమెక్కడనో చెప్పగలిగి యుండిరన్నచో, దానికి కారణము పాటకు ముందు అనౌన్సరు చెప్పెడి చిత్రము పేరు, రచయిత, సంగీతము, గానము అను ఆ నాలుగు ముక్కలు. సిలోన్ రేడియోలో మీనాక్షి పొన్నుదురై గొంతు విన్నవారు ఆ పేర్లను ఆమె ఉచ్చరించు తీరును గూడ మరువలేదు. శ్రోతకు రుచి యేర్పడుటకు పేరు మొదటి మెట్టు. నచ్చిన పాటను కట్టినవాని పేరు తెలిసినప్పుడే గదా, ఆతడు కట్టిన మరియొక పాటను వెదకుకొని పోవుట! ఇదే పనిని నేడు యాప్ కోట్ల రూపాయల గణితముతో చేయబూనుచున్నది. అనౌన్సరు పావు నిమిషములో చేసెను.

వ్యాఖ్యను ఆల్బములోపలనే నిలిపిన మహోదాహరణము ఘంటసాల భగవద్గీత. 1974 ఫిబ్రవరి 11న ఆయన కన్నుమూసిన తరువాత వెలువడిన ఆ రికార్డులలో, ఏడువందల శ్లోకములనుండి సుమారు నూరింటిని ఏరుకొని, వానిని రాగములలో పాడి, తెలుగు తాత్పర్యమును తన కంఠముతోనే చెప్పెను. సంస్కృతము రాని రైతునకు గీత చేరినది ఆ తాత్పర్యము మూలముననే. ఇప్పుడు దానిని చావింటి మైకులకు అంకితము చేసితిమి. ఆ గానమును తీరికగా, సుఖముగా నున్నవేళ వినదగునని ఏ యాప్‌లోనైన ఒక్క సమీక్ష చెప్పియున్నచో ఎంత మేలు జరిగియుండెడిది!

తాళ్లపాక పదము, తెరమీది ఖాళీ

సమీక్ష లేమి వలన కలుగు నష్టము ఉమ్మడి కడప జిల్లావారికి తెలిసినంతగా మరెవరికిని తెలియదనుటకు తాళ్లపాకయే సాక్ష్యము. 1408లో అచ్చట పుట్టి 1503లో పరమపదించిన అన్నమాచార్యుని పదములు రాగిరేకులపై చెక్కబడి తిరుమల ఆలయములోని సంకీర్తన భాండారమున శతాబ్దములు మరుగుపడియుండి, గత శతాబ్దమున 1920 తరువాతి దశకములలో వెలుగుచూచిన సంగతి పాఠకులెరుగనిది కాదు. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి ప్రభృతులు రేకులను చదివి పరిష్కరించిరి. రెండువేలకు పైబడిన ఆ రేకులపై పండ్రెండువేలకు మించిన పదములు గలవు; ప్రతి పదమునకు రాగము పేరు గలదు; తాళము లేదు, స్వరము లేదు. అనగా నేడు మనము వినుచున్న దాదాపు ప్రతి అన్నమయ్య బాణీయు ఇటీవలివారెవరో ఒకరు కట్టినదే. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ కట్టినవి కొన్ని, నేదునూరి కృష్ణమూర్తి కట్టినవి కొన్ని, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ కట్టినవి వందలు. ఒకే పదమును ఇద్దరు ముగ్గురు వేర్వేరు రాగములలో పలికించుటయు గలదు. రేకుపై నున్న రాగమొకటి, లోకమున ప్రచారమందున్న రాగము మరియొకటి యగుటయు గలదు.

ఇంతటి చరిత్ర గల పదమును యాప్‌లో వినునప్పుడు, చాలచోట్ల గాయకుని పేరుండును, బహుశః అన్నమయ్య పేరుండును; బాణీకర్త పేరుండదు. అది అయిదువందల యేండ్లనాటి బాణీయే యని శ్రోత నమ్మును. నమ్మి భక్తితో వినును. వినుటవలన పుణ్యము తగ్గదు గాని, తెలివి పెరుగదు. రాళ్లపల్లివారి కృషి ‘సాంప్రదాయికము’ అను ఒక్క మాట కింద సమాధి యగుచున్నది.

1979-80 ప్రాంతమున ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడగా హెచ్.ఎం.వి. వెలువరించిన ‘బాలాజీ పంచరత్నమాల’ అయిదు సంపుటములను తీసికొందము. దాని పక్కన ఇట్టి నాలుగు మాటలున్నచో నేమగునో పాఠకులే ఊహింపుడు: ‘ఈ సంపుటములు తిరుమల తిరుపతి దేవస్థానముల కార్యనిర్వహణాధికారిగా నుండిన పి.వి.ఆర్.కె. ప్రసాద్ చొరవతో రూపొందినవి. అరువదియేండ్లు దాటిన, అప్పటికే జగద్విఖ్యాతి నందిన గాయని, నేదునూరివారి యొద్ద అన్నమయ్య పదములను విద్యార్థినివలె నేర్చి పాడినది. తెలుగు ఆమె మాతృభాష కాదు. అందువలననే ఒత్తులను, దీర్ఘములను ఆమె ఎంత జాగ్రత్తగా పలుకునో గమనింపుడు. తోడుగా వినవచ్చునది సవతికూతురు రాధా విశ్వనాథన్ కంఠము. ఇరువురి గొంతులు ఎక్కడ కలిసిపోవునో, ఎక్కడ విడివడునో వినుడు. కచేరీలోవలె విస్తారమైన మనోధర్మము నిక్కడ ఆశింపరాదు. పదమునకు ప్రాధాన్యమిచ్చి, సంగతులను అదుపున ఉంచిన గానమిది.’ దీనిలో స్తోత్రము లేదు, నింద లేదు, నక్షత్రములు లేవు. అయినను దీనిని చదివినవాడు వినునది, చదువనివాడు వినునది ఒకటి కావు.

ఇట్లు వ్రాయగలవారు మనకు లేకపోలేదు. అనంతపురము జిల్లా రాళ్లపల్లిలో 1893లో జన్మించి, మైసూరు మహారాజా కళాశాలలో దీర్ఘకాలము తెలుగు బోధించి, 1974లో సంగీత కళానిధి బిరుదమునందిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు, వేమనను గూర్చి ఉపన్యాసములు వ్రాసిన కలముతోనే ‘గానకళ’ను గూర్చియు వ్రాసిరి. సంగీతము తెలిసి, సాహిత్యము తెలిసి, రెండింటిలో దేనికిని దాసులు గాని విమర్శకులు వారు. ఆకాశవాణిలో పనిచేసిన బాలాంత్రపు రజనీకాంతరావు ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’నకు 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము వచ్చినది. వి.ఎ.కె. రంగారావు గ్రామఫోను రికార్డులను వేలకొలదిగా సేకరించుటతో తృప్తి నొందక, వానిపై ముద్రితమైన పేర్లను పరీక్షించి, తప్పొప్పులు నిర్మొగమాటముగా పత్రికలలో వ్రాసిరి. వీరి రాతలు పుస్తకములలో నున్నవి. పాటలు ఫోనులలో నున్నవి. రెండింటికి నడుమ వంతెన లేదు.

సినిమా పాట విషయమున ఈ తప్పొప్పుల పట్టింపు చాదస్తమని తోచవచ్చును. తాడిపత్రి కె.వి. రెడ్డి దర్శకత్వమున, కడప జిల్లా పొట్టిపాడున పుట్టిన నాగిరెడ్డి భాగస్వామిగా విజయావారు నిర్మించి 1957లో విడుదల చేసిన ‘మాయాబజార్’ సంగీతము ఘంటసాలదని అందరెరుగుదురు. మొదట నియుక్తులైన సాలూరి రాజేశ్వరరావు నాలుగు పాటలకు బాణీలు కట్టి తప్పుకొనగా, ఘంటసాల ఆ బాణీలను గ్రహించి వాద్యసమ్మేళనము సమకూర్చి, తక్కినవానిని తాను కట్టెనని తెలిసినవారు తక్కువ. తెలిసిన పిదప ఆ పాటలను వరుసగా వినినచో ఇద్దరు స్వరకర్తల చేవ్రాలు పక్కపక్కన పోల్చుకొనవచ్చును. అరువదేండ్లుగా విన్న ఆల్బము కొత్తదగును. ‘మల్లీశ్వరి’లో సాలూరికి తోడుగా పనిచేసిన అద్దేపల్లి రామారావు పేరును గూడ యాప్ చెప్పదు. కంప్యూటరునకు ఒక పెట్టెలో ఒక పేరు వ్రాయుటయే తెలియును. ‘బాణీ ఒకరిది, వాద్యరచన మరొకరిది’ అను సంగతికి పెట్టె చాలదు, వాక్యము కావలెను.

ఇక కందిమల్లాయపల్లె బ్రహ్మంగారి తత్వములు, పల్లెల చెక్కభజన పాటలు, పండరి భజనలు మొదట క్యాసెట్లకెక్కి, అచ్చటినుండి ఎవరెవరిచేతనో యూట్యూబునకెక్కినవి. పాడినవాని పేరు, ఊరు దారిలో రాలిపోయినవి. వీనికి సమీక్షకంటె ముందు కావలసినది ఊరు పేరు.

ఆక్షేపణలు

సమీక్ష చదివినచో ముందుగానే ఒక అభిప్రాయము మనస్సున నాటుకొని, స్వతంత్రముగా వినుటకు భంగము కలుగునని కొందరందురు. నిజమే. అందుచేత సమీక్ష పాటకు ముందు కాక తరువాత చదువదగినదని నా మతము: ఒకసారి ఊరక వినుము, చదువుము, మరల వినుము. తెరపై అది ముడిచియుండి, కోరినవానికే విచ్చుకొనునట్లు అమర్చుట సాఫ్ట్‌వేరు వ్రాయువారికి కష్టమైన పని కాదు. రెండవ ఆక్షేపణ బలమైనది. పాటల హక్కులు గలవారును, వినిపించువారును, సమీక్ష వ్రాయించువారును ఒక్కటైనచో అది సమీక్ష కాదు, ప్రకటన. కావున వ్రాసినవాని పేరు, తేది సమీక్ష కింద నుండితీరవలెను. పేరు లేని పొగడ్త సంతలోని కేకతో సమానము.

ఇటీవల యంత్రముచేతనే సమీక్షలు వ్రాయింపవచ్చునను వాదమొకటి బయలుదేరినది. యంత్రము వ్రాయగలదు, తెలుగున గూడ వ్రాయగలదు. కాని దానికి ఆధారమగు రాత తెలుగున మనము ముందుగా వ్రాసియుండకున్నచో, సాలూరి పాటను పెండ్యాలకు అంటగట్టి, తొణకక బెణకక చెప్పును. తప్పు పేరు ఖాళీకంటె హానికరము. ఖాళీ కనబడును, తప్పు కనబడదు.

సమీక్ష తెలుగులోనే యుండవలెను, నూటయేబది మాటలకు మించరాదు, చదువలేనివానికి చదివి వినిపించు సదుపాయముండవలెను. రాగము పేరు చెప్పి ఊరకొనక, ఆ రాగము పాటలో ఎన్నవ నిమిషమున ఎట్లు తోచునో చూపవలెను. యాప్‌లో నిమిషమును తాకినచో పాట అచ్చటికే పోవును, ఇట్టి సౌకర్యము రాళ్లపల్లివారికి లేదు. వాడుకొనకపోవుట మన తప్పు.

కడపలో యోగివేమన విశ్వవిద్యాలయమున్నది, బ్రౌను పేర భాషా పరిశోధన కేంద్రమున్నది, ఆకాశవాణి యున్నది. తిరుపతిలో అన్నమాచార్య ప్రాజెక్టున్నది. ఒక్కొక్క సంస్థ ఏడాదికి వంద ఆల్బములకు ప్రామాణికమైన తెలుగు పరిచయములు వ్రాయించి, ఎవరైనను ఉచితముగా వాడుకొనవచ్చునని ప్రకటించినచో, యాప్‌ల యజమానులు కాదనుటకు కారణముండదు. వారు కోరునది సరకు, మనము వ్రాయనిది అదియే.

అంతవరకు మీ ఇంటి అటకమీది లాంగ్‌ప్లే అట్టలను, పాటల పుస్తకములను, క్యాసెట్టు పెట్టెలోని మడత కాగితములను పారవేయకుడు. వానిపై నున్న పేర్లను, తేదీలను మ్యూజిక్‌బ్రెయిన్జ్, డిస్కాగ్స్ అను బహిరంగ పట్టికలలోను, తెలుగు వికీపీడియాలోను ఎవరైనను చేర్చవచ్చును. రూన్ వంటి సాఫ్ట్‌వేర్లు ఇట్టి పట్టికలనుండియు పేర్లు తెచ్చుకొనుచున్నవి. మీకు తెలిసిన ఒక్క వైణికుని పేరు, ఒక్క బాణీకర్త పేరు ఈ ఆదివారము చేర్చుడు.